తూర్పు గదిలో వలలు

"మాస్టారూ, ఒకదాన్ని ప్రేమించేవాళ్ళు దాని లోపం వెతుకుతారా?"

ఈ ప్రశ్న అడిగినప్పుడు తబిత చేతిలో సుత్తి ఉంది. ఎదురుగా బల్లమీద ఏదో పాత భవనంలోంచి తీసుకొచ్చిన కాంక్రీటు ముక్కలు ఉన్నాయి. జోగినాథం మాస్టారు వాటికి ఒక్కొక్కదానికీ నంబరు వేస్తున్నారు. పాలిటెక్నిక్‌లో ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పి, పదవీ విరమణ చేశాక, ఆయన పాత కట్టడాలను పరీక్షించే చిన్న ఆఫీసు ఒకటి తెరిచారు. రెండు గదులు, నాలుగు యంత్రాలు, ఒక శిష్యురాలు. తబిత కార్డు మీద ఇంజనీరనే ఉంటుంది గానీ, మాస్టారు మాత్రం ఎవరికి పరిచయం చేసినా "మా శిష్యురాలు" అనే అంటారు. ఆ అమ్మాయికీ ఆ పేరే ఇష్టం.

మాస్టారి దగ్గర చదువుకున్న మా అందరికీ ఆయన పద్ధతి తెలుసు. లెక్క అడిగితే ఆయన లెక్కతో జవాబు చెబుతారు. మనసుకు సంబంధించినది అడిగితే మాత్రం కళ్ళద్దాలు తీసి, పంచె చెంగుతో నిదానంగా తుడుచుకుని, ఏదో ఒక ఊరి పేరు చెప్పి "రేపు వెళ్దాం, వస్తావా?" అంటారు. ఆ రోజు కూడా అద్దాలు తుడిచారు. "ఎవరన్నారమ్మా, ప్రేమించేవాళ్ళు వెతకరని?" అని మాత్రం అడిగారు.

తబిత చెప్పింది. మూడు వారాల కిందట ఒక పల్లెటూరి బడిని పరీక్షించి, స్లాబు నిలబడే స్థితిలో లేదని రిపోర్టు రాసింది. రాసినదాంట్లో తప్పేమీ లేదు. బడికి తాళం వేశారు. పిల్లలు ఇప్పుడు ధాన్యం గోడౌన్‌లో కూర్చుని చదువుకుంటున్నారు. ఆ బడిలోనే చదివి, ఆ బడిలోనే పంతులై, ఆ బడిలోనే ముసలివాడైన హెడ్మాస్టరు ఆమెను గేటు దాకా సాగనంపుతూ, "ఇక్కడ నువ్వు చదువుకుని ఉంటే ఇలా రాసేదానివి కావమ్మా. ప్రేమ ఉన్నవాళ్ళు లోపాలు వెతకరు" అన్నాడట. కోపంగా అని ఉంటే మర్చిపోయేదాన్ననీ, ఆయన చాలా నెమ్మదిగా అన్నాడనీ చెప్పింది. అప్పటినుంచి సుత్తి పట్టుకున్నప్పుడల్లా, తను బాగుచేయడానికి వెళుతోందో పాడుచేయడానికి వెళుతోందో తెలియడం లేదని కూడా చెప్పింది.

మాస్టారు పదిహేడో ముక్కకు నంబరు వేసి పక్కన పెట్టారు. "రేపు ముత్తరేవు వెళ్దాం. తుఫాను షెల్టరు ఉంది. పొద్దున్నే బయల్దేరాలి."

ఈ పనిలో వాళ్ళు చూసేదేమిటో ఇక్కడ రెండు మాటల్లో చెప్పాలి. కాంక్రీటు లోపల ఇనుప కడ్డీలు ఉంటాయి. సిమెంటులోని సున్నపు గుణం ఆ కడ్డీలకు తుప్పు పట్టకుండా కాపలా కాస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటులోకి కొద్దికొద్దిగా దిగుతూ ఆ గుణాన్ని చంపుతూ వస్తుంది. అది కడ్డీ దాకా చేరిందంటే, ఆ తర్వాత తడికీ ఉప్పుగాలికీ అడ్డు ఉండదు. కడ్డీ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును లోపలినుంచి పగలగొడుతుంది. వాయువు ఎంత లోతుకు దిగిందో పైకి కనిపించదు. అందుకని కొంచెం పగలగొట్టి, దుమ్ము ఊది, ఆ పచ్చి భాగం మీద ఒక మందు చల్లుతారు. నీళ్ళలా ఉండే మందు అది. ప్రాణం ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది. ప్రాణం పోయిన చోట ఏ రంగూ రాదు.

ముత్తరేవు సముద్రం ఒడ్డున ఉన్న జాలరుల ఊరు. షెల్టరు ఊరికి చివర, ఇసుకదిబ్బ మీద ఉంది. ఎత్తైన స్తంభాలు, వాటి మీద ఒక పెద్ద హాలు, దానికి మూడు వైపులా గదులు. వానాకాలం రాకముందే జిల్లాలోని షెల్టర్లన్నిటినీ పరీక్ష చేయించాలని ఉత్తర్వు వస్తే, ముత్తరేవు మాస్టారి వంతుకు వచ్చింది. జీపు దిగిన తబిత ఆశ్చర్యపోయింది. ముప్పై ఏళ్ళ కట్టడమని కాగితాల్లో ఉంది. ఎదురుగా ఉన్నది మాత్రం నిన్నగాక మొన్న సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. మెట్లు కడిగి ఉన్నాయి. మెట్ల మొదట్లో ముగ్గు కూడా ఉంది.

మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. పేరు నూకరత్నం. అరవై దాటిన మనిషి, నడుముకు తాళాలగుత్తి. ఆమెను ఎవరూ ఉద్యోగంలో పెట్టలేదు. షెల్టరు కట్టేటప్పుడు ఆమె కాంక్రీటు తట్టలు మోసింది. కట్టిన మరుసటి ఏడే తుఫాను వచ్చింది, ఆ తుఫానులో ఆ హాల్లోనే ఆమెకు రెండో కూతురు పుట్టింది. ఆ పిల్లకు పెట్టిన పేరు పోలేశ్వరి, ఊరంతా పిలిచేది షెల్టరమ్మ. బాలింతగా లేచి నడిచిన రోజునుంచి నూకరత్నం ఆ కట్టడాన్ని ఊడుస్తోంది, కడుగుతోంది, ఏటా సున్నం వేస్తోంది. పంచాయతీవాళ్ళు చూసి చూసి తాళాలు ఆమె చేతికే ఇచ్చేశారు.

మాస్టారు మెట్ల కింద చెప్పులు విడిచారు. ఆయన్ని చూసి తబిత కూడా విడిచింది. అది చూసి నూకరత్నం లేచి దారి ఇచ్చింది కానీ, తబిత సంచిలోని సుత్తి కంటపడగానే మళ్ళీ అడ్డం వచ్చి నిలబడింది.

"అదెందుకు పాపా?"

"కొంచెం కొట్టి చూడాలమ్మా. స్తంభాలు ఎలా ఉన్నాయో..."

"ఎలా ఉంటే ఏటి? కల్లకి కనబడతన్నాది కదా. ముప్పై ఏల్లు నాను తుడిసిన గోడలివి. నువ్వొచ్చి కొడతావా?"

తబితకు గేటు దగ్గర హెడ్మాస్టరు ముఖమే మళ్ళీ కళ్ళముందు కనబడినట్టయింది. మాస్టారు కల్పించుకుని, "ఒక్క చోటే కొడుతుందమ్మా. ఎక్కడ కొట్టాలో నువ్వే చెప్పు" అన్నారు. నూకరత్నం ఆలోచించి, తూర్పు గది మూలనున్న స్తంభాన్ని చూపించింది. సముద్రానికి ఎదురుగా ఉన్న గది అది. లోపల చేపల వలలు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. స్తంభం మాత్రం నున్నగా, ఒక్క గీత కూడా లేకుండా ఉంది.

తబిత ఉలి పెట్టి మెల్లగా కొట్టింది. పావు అంగుళం మందాన పెచ్చు ఊడింది. దుమ్ము ఊది మందు చల్లింది. రెండు క్షణాలు ఏమీ కాలేదు. తర్వాత ఆ చోటంతా చిక్కటి గులాబీ రంగుకు తిరిగింది. నూకరత్నం కళ్ళు పెద్దవి చేసుకుని, "ఓలమ్మ! ఇదేటి పాపా, మందారపువ్వులాగా! మంచిదేనా?" అంది. "మంచిదేనమ్మా, చాలా మంచిది" అంది తబిత. అలా అంటున్నప్పుడు తన గొంతులో ఉన్న సంతోషం తనకే కొత్తగా ఉందని నాతో తర్వాత చెప్పింది. ఈసారి ఎవరి మనసూ నొప్పించకుండా బయటపడవచ్చని ఆమెకు అనిపించింది.

మాస్టారు ఆ రంగువైపు ఒక్కసారి చూసి, తర్వాత నూకరత్నం వైపు చూశారు. ఆమె కొంగు సర్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఇంకో అంగుళం లోపలికి వెళ్ళు తబితా" అన్నారు మాస్టారు.

"సరిపోనాది కదా బాబూ, ఇంకా ఎందుకు?" అంది నూకరత్నం. తబిత కూడా సుత్తి ఎత్తలేదు. "రంగు బాగానే వచ్చింది కదండీ" అని నసిగింది. మాస్టారు ఆమెను ఒత్తిడి చేయలేదు. గడప మీద చతికిలపడి, నూకరత్నాన్ని మంచినీళ్ళు అడిగారు. ఆమె కుండలోంచి ముంచి ఇచ్చింది. తాగి, గ్లాసు పక్కన పెట్టి, చుట్టాలింటికి వచ్చిన మనిషిలా కబుర్లలోకి దిగారు.

"తుఫాను వస్తే ఎంతమంది వస్తారమ్మా ఇక్కడికి?"

"మూడొందల మంది దాకా వొత్తారు. పక్కూరోల్లు కూడా ఇక్కడికే కదా."

"అంతమందిని ఎలా సర్దుతావు?"

ఆ ప్రశ్నకు ఆమె ముఖం వెలిగింది. కడుపుతో ఉన్నవాళ్ళను, బాలింతలను లోపలి చిన్నగదిలో పెడుతుంది. అది గాలి తగలని చోటు. ముసలివాళ్ళను మెట్లకు దగ్గరగా కూర్చోబెడుతుంది. పిల్లలందరినీ హాలు మధ్యలో, తన కళ్ళెదుట. పడమటి గదిలో వంట. మేకలు తెచ్చేవాళ్ళతో పోట్లాడి, చివరికి వాటినీ మెట్ల మలుపులో కట్టనిస్తుంది. చేత్తో చూపిస్తూ చెబుతుంటే, ఖాళీ హాలు నిండా జనం ఉన్నట్టే అనిపించింది తబితకు.

"మరి ఈ తూర్పు గదిలో?"

"ఈ గదిలో వలలు ఎడతాను బాబూ."

"అంత పెద్ద గది. మనుషులు హాల్లో ఇరుక్కుని కూర్చుంటే, దీంట్లో వలలా?"

"తడిసిపోవా మరి?"

మాస్టారు వల అంచును చేతిలోకి తీసుకుని వేళ్ళమధ్య నలిపి చూశారు. "నైలాను వలలు కదమ్మా ఇవి. రోజూ సముద్రంలో నానేవే. వానకు తడిస్తే వీటికేమవుతుంది?"

నూకరత్నం మాస్టారి పక్కన గడప మీదే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తబిత సుత్తి కింద పెట్టి, వెళ్ళి ఆమె ముందు నేలమీద కూర్చుంది.

"వలలు ఉంటే మనుషులు కూకోరు పాపా" అంది నూకరత్నం. "అందుకే ఎడతన్నాను. ఈ గది మంచిది కాదు. ఏడేల్ల కిందటే తెలిసింది నాకు. రేతిరీ పగలూ సముద్రం గాలంతా దీనికే కొడతాది కదా. ముందు సన్నగా బీటలొచ్చినాయి. సిమెంటు కలిపి మెత్తినాను. ఏడాది తిరిగేసరికి మల్లీ వొచ్చినాయి. మల్లీ మెత్తినాను. ఒకనాడు పెచ్చు ఊడితే లోపల ఇనుము సూసినాను. ఎర్రగా, పొరలు పొరలుగా ఉన్నాది. ఆ పెచ్చు కూడా నానే మెత్తినాను."

తబిత స్తంభం మీది గులాబీ మచ్చను తలెత్తి చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకు. మందు చల్లింది పాత కాంక్రీటు మీద కాదు, ఈవిడ చేతి పూత మీద. కొత్త సిమెంటు కాబట్టి రంగు అంత చిక్కగా వచ్చింది.

"ఎవరికైనా చెప్పాల్సింది కదమ్మా" అంది.

"ఎవరికి సెప్పమంటావు? పక్కూరిలో కూడా ఇలాటి షెల్టరే ఉండేది. ఆల్లు సెప్పినారు. ఆఫీసరుగోరు వొచ్చినారు, సూసినారు, గోడ మీద ఎర్ర రంగుతో ఇంటూ మార్కు ఎట్టి తాలం వేసి పోనారు. కొత్తది కడతామన్నారు. తొమ్మిదేల్లయింది. అక్కడ పునాది గొయ్యి కూడా తవ్వనేదు. గాలొస్తే పిల్లల్ని సంకనెత్తుకుని ఇసకలో పడి ఇక్కడికే పరిగెత్తుకొత్తన్నారు. దీనికీ ఆ మార్కు ఎడితే మేమంతా ఎక్కడికి పోవాలి?"

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీకు ఈ స్తంభం సూపించినది కూడా నాను మొన్న మెత్తినదని. లోపలికి ఎల్లరనుకున్నాను" అని సిగ్గుపడుతూ ఒప్పుకుంది. ఆ మాటకు మాస్టారు గట్టిగా నవ్వేశారు. ఏడుస్తున్న మనిషి కూడా నవ్వింది.

"ఒక్క ఈ స్తంభమేనా, ఇంకా ఉన్నాయా?" అని అడిగారు మాస్టారు.

నూకరత్నం లేచింది. వంటగదిలోంచి చిన్న పొత్రం తెచ్చింది, మరో చేత్తో ముగ్గుపిండి డబ్బా. స్తంభం తర్వాత స్తంభం పొత్రంతో తట్టుకుంటూ వెళ్ళింది. తట్టి, చెవి ఆనించి వినేది. "కుండ కొన్నప్పుడు వాయించి సూడమా, అలాగే" అంది. గట్టి శబ్దం వస్తే తల ఊపి ముందుకు కదిలేది. డొల్ల శబ్దం వస్తే తడివేలితో ముగ్గుపిండి అద్ది సున్నా చుట్టేది. అంతా తిరిగేసరికి పదకొండు సున్నాలయ్యాయి. వాటిలో తొమ్మిది తూర్పు గదిలోవే.

అప్పుడు తబిత పని మొదలుపెట్టింది. ముందు తూర్పు గదిలో ఆ స్తంభాన్నే తీసుకుని, పూత దాటి, మాస్టారు చెప్పిన ఆ అంగుళం లోపలికి వెళ్ళింది. మందు చల్లితే పూత మాత్రమే గులాబీ రంగులో మిగిలింది. లోపల ఎక్కడా రంగు లేదు. ఇంకొంచెం కొడితే కడ్డీ బయటపడింది. ఒకప్పుడు బొటనవేలంత ఉండాల్సినది చిటికెనవేలంత అయింది. నూకరత్నం పక్కకు తిరిగిపోతే తబిత ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత ఒక్కొక్క సున్నా దగ్గరా చేయవలసిన పరీక్షలన్నీ చేశారు. తడిపిన స్పాంజి ఆనించి, లోపలి తుప్పు పసిగట్టే మీటరులో అంకెలు చదివారు. పదకొండు చోట్లా యంత్రం చెప్పినదీ ఆవిడ చెప్పినదీ ఒక్కటే. పాఠం చెప్పేటప్పటి గొంతుతో మాస్టారు, "రాసుకో తబితా, ప్రాథమిక పరిశీలన, పొత్రంతో, నూకరత్నమ్మగారు" అన్నారు. తబిత నిజంగానే అలాగే రాసింది.

సున్నాలు లేని చోట్ల కూడా చూడాలి కాబట్టి పడమటి గదిలో ఒక స్తంభం తీసుకున్నారు. ఆవిడ తట్టినప్పుడు గంటలా మోగిన స్తంభమది. అక్కడ ఒక సన్నని రంధ్రం చేసి మందు చల్లితే రంగు వచ్చింది కానీ, చాలా లోపల వచ్చింది. తబిత స్కేలు పెట్టి కొలిచింది. పై అంచునుంచి ముప్పై ఆరు మిల్లీమీటర్ల దాకా ప్రాణం లేదు. కడ్డీ ఉన్నది నలభై దగ్గర.

"ఇంకా నాలుగు మిల్లీమీటర్లే ఉందమ్మా" అంది.

"నాలుగంటే ఎంత పాపా?"

"రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంత మందమో అంత. అది కూడా దాటితే కడ్డీకి తుప్పు మొదలవుతుంది. ఇప్పటికి ఏమీ కాలేదు. ఇప్పుడే గాలి చొరకుండా పూత వేస్తే చాలు, చాలా ఏళ్ళు ఉంటుంది."

నూకరత్నం ఆ స్తంభాన్ని అరచేత్తో నిమిరింది. మరోసారి తట్టి చూసింది. మళ్ళీ గంటలాగే మోగింది. "దీన్ని నాను కనిపెట్టనేకపోనాను" అంది దిగులుగా. "పక్కనే వంట సేస్తాము. ఆడోల్లంతా ఇక్కడే కూకుంటారు." తర్వాత తబిత వైపు తిరిగి, "నువ్వు రాకపోతే పాపా?" అని ఆగిపోయింది. తబిత సుత్తి సంచిలో పెట్టుకునేటప్పుడు ఆ పొద్దుటి బెరుకు చేతుల్లో లేదని మాస్టారు గమనించారట.

రిపోర్టు రాయడానికి తబితకు నాలుగు రోజులు పట్టింది. మునుపటిలాగే రాసి ఉంటే ఒక్క పేజీ సరిపోయేది. ఈసారి పద్నాలుగు పేజీలయింది. ఏ స్తంభం పోయిందో, ఏది పోబోతోందో, ఏది ఇంకో ముప్పై ఏళ్ళు నిలుస్తుందో వేరువేరుగా రాసింది. మరమ్మతు అయ్యేదాకా తూర్పు గదిని ఎలా మూసి ఉంచాలో, దాని కింద ఏ ఆసరాలు పెట్టాలో, మిగతా గదుల్లో ఎంతమందిని ఉంచవచ్చో బొమ్మ గీసి చూపించింది. ఈ కట్టడానికి తాళం వేయవలసిన అవసరం లేదని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసింది. దాన్ని తపాలాలో పంపకుండా తనే తీసుకుని జిల్లా అధికారి ఆఫీసుకు వెళ్ళింది. మొదటిసారి సారు మీటింగులో ఉన్నారన్నారు. రెండోసారి కాగితం ఇచ్చి వెళ్ళమన్నారు. మూడోసారి ఆమె ఆయన ఎదుట కూర్చుని, బల్లమీద ఆ తుప్పు పట్టిన కడ్డీ ముక్క పెట్టి, మూడువందల మంది ఎవరెక్కడ కూర్చుంటారో చెప్పింది. బాలింతల గది, మెట్ల దగ్గర ముసలివాళ్ళు, మలుపులో మేకలు. ఆయన అప్పటిదాకా రిపోర్టు చదవలేదు గానీ ఆ మేకల సంగతి విని నవ్వి, ఆ తర్వాత చదివాడు.

జూన్ మొదటి వారంలో పని మొదలైంది. స్లాబుకు ఆసరాలు పెట్టి, తూర్పు గది స్తంభాలను, మిగతా రెండు సున్నాల చోట్లను ఒక్కొక్కటిగా కడ్డీల దాకా విప్పారు. తుప్పు గీకి, అరిగిపోయిన కడ్డీల పక్కన కొత్తవి కట్టి, మళ్ళీ కాంక్రీటు పోశారు. ముప్పై ఏళ్ళ కిందట తట్టలు మోసినవాళ్ళలో మిగిలిన ఆడవాళ్ళు ఐదుగురు. పోత రోజున ఆ ఐదుగురూ వచ్చి, మేస్త్రి వద్దన్నా వినకుండా తలా ఒక తట్ట మోశారు. ఆ తర్వాత మూడు వారాలపాటు స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి, పూటకోసారి నీళ్ళు పోసి తడిపింది షెల్టరమ్మ. ఆమె అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి. "నాను పుట్టినకాడ కదా" అందట మేస్త్రితో. పడమటి గది స్తంభాలకు గాలి చొరని పూత వేశారు. మాస్టారు మోకాళ్ళ నొప్పులతోనే రెండుసార్లు వచ్చి చూశారు. మొదటిసారి నూకరత్నం ఆయనకు చేపల పులుసు పెట్టింది. ఆయన శాకాహారి అని తెలిశాక మహా నొచ్చుకుని, రెండోసారి ఉప్మా చేసింది.

అక్టోబరులో తుఫాను వచ్చింది. రెండు రోజులు గాలి, వాన. రోడ్ల మీద చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి, ఫోన్లు పలకలేదు. ఆ రెండు రోజులూ తబిత ఆఫీసులో కూర్చుని తన రిపోర్టు నకలును మొదటినుంచి చివరి దాకా ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. ఒక అంకె ఎక్కడైనా తప్పు వేశానేమోనని. మూడోనాడు దారి తెరుచుకోగానే మాస్టారూ ఆమే బయల్దేరారు. ఊరికి రెండు కిలోమీటర్ల ముందు జీపు ఇసుకలో ఆగిపోతే దిగి నడిచారు. తాటాకు ఇళ్ళు చాలావరకు లేచిపోయాయి. పడవ ఒకటి రోడ్డు పక్కన బోర్లా పడి ఉంది. దిబ్బ మీద షెల్టరు మాత్రం సున్నం కొంత కారిపోయి, ఒక కిటికీ రెక్క ఊడి, ఎప్పటిలాగే నిలబడి ఉంది. పిట్టగోడ మీద తడి చీరలు, దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. హాల్లోంచి పిల్లల గోల వినిపించింది. తబిత అక్కడే ఇసుకలో నిలబడి ఏడ్చేసింది. మాస్టారు ఏమీ చూడనట్టు సముద్రం వైపు తిరిగి, అద్దాలు తుడుచుకున్నారు.

నూకరత్నం ఎదురొచ్చి ముందు కోప్పడింది. "ఇన్నాల్లకా రావడం? మూడొందల నలభై మంది, తెలుసా? ఒక్కలికి గీరుకోనేదు." తర్వాత తబిత చెయ్యి పట్టుకుని, పలకరించడానికి వచ్చిన వాళ్ళందరినీ తప్పించి, మెట్ల దగ్గరికి లాక్కుపోయింది. గోడ మీద వెంట్రుకంత సన్నని బీట ఒకటి ఉంది.

"ఇది కొత్తది పాపా. నిన్న తెల్లారి సూసినాను. సిమెంటు ఉన్నాది నా దగ్గర. అయినా మెత్తనేదు. నువ్వొచ్చాక నీకే సూపిద్దామని అలాగే ఉంచినాను."

తబిత వంగి చూసింది. గోరుతో గీకి, సుత్తితో మెల్లగా తట్టి విన్నది. "ఏం లేదమ్మా. పైన ప్లాస్టరు బీట. లోపలికి వెళ్ళలేదు" అంది.

"ఏటీ నేకపోనా మంచిదే. సూపించీసినాను, నా మనసు తేలికైపోనాది" అంది నూకరత్నం. "మల్లీ ఎప్పుడొత్తావు?"

తిరిగి జీపు దాకా నడుస్తున్నప్పుడు మాస్టారు మోకాళ్ళ వల్ల నెమ్మదిగా అడుగులు వేస్తున్నారు. తబిత ఆయన సంచి కూడా తనే పట్టుకుంది. కొంత దూరం పోయాక, "మాస్టారూ, లోపాలు వెతకడం గురించి ఆ రోజు నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు" అంది.

మాస్టారు ఆగి, ఊపిరి తీసుకున్నారు.

"వెతకడం ఆవిడకు మనకంటే ముందే వచ్చు తబితా" అన్నారు. "చూపించుకోవడానికే ఇన్నేళ్ళూ మనిషి దొరకలేదు."